కురిడీ అటక మీద మాస్టారి మిషన్

2014 జూలై మొదటి వారంలో మా ప్రిన్సిపాల్ గారు నన్ను గదికి పిలిపించి ఒక ఉత్తర్వు చేతికిచ్చారు. అప్పటికి నేను అమలాపురంలోని ఒక డిగ్రీ కళాశాలలో, కంప్యూటర్ విభాగంలో సీనియర్ టెక్నికల్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. ఈ హోదా గురించి తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. పాఠం చెప్పేది లెక్చరర్లు. వాళ్ళు పాఠం చెప్పే వేళకు మిషన్లన్నీ పనిచేస్తూ ఉండేలా చూసేది మేము. మిషన్ నడిచినంత కాలం మా పేరు ఎవరికీ గుర్తుండదు, ఆగిననాడు మాత్రం మొదట పిలుపు వచ్చేది మాకే.

ఉత్తర్వులో ఉన్న పని ఇది. పాత బ్లాకును పడగొట్టి కొత్తది కడుతున్నారు. పాత బ్లాకు చివరి గదిలో ఉన్న తొలినాటి కంప్యూటర్ సామాను నేను వేరేచోటికి తరలించి, కొత్త బ్లాకు పూర్తయ్యేవరకు భద్రంగా ఉంచాలి. ఆ సామాను వాడకంలోంచి ఎప్పుడో పోయింది. అయినా కళాశాలలో ఏ వస్తువునైనా, కండెమ్నేషన్ కమిటీ కూర్చుని 'ఇక పనికిరాదు' అని సంతకాలు చేసేదాకా పారెయ్యడానికి వీల్లేదు. ఏడు కంప్యూటర్లు, రెండు డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లు, ఒక టేపు డ్రైవు. కొత్త బ్లాకులో వీటి ప్రదర్శనకు ఒక గది కేటాయిస్తామని ఉత్తర్వు చివరి వాక్యంలో రాశారు. ఆ వాక్యం పట్టుబట్టి రాయించింది, అప్పటికే రిటైరైన కరుణాకరం మాస్టారు.

మాస్టారు అసలు ఫిజిక్సు లెక్చరరు. ఎనభైల చివర్లో కళాశాలకు కంప్యూటర్లు తెద్దామనుకున్నప్పుడు వాటిని చూసినవాళ్ళే మా ఊళ్ళో లేరు. ఆయన హైదరాబాదు వెళ్ళి ఆరు వారాలు శిక్షణ తీసుకుని వచ్చారు. అదే ఏడు నేను ల్యాబ్ అటెండరుగా చేరాను. నాకు స్క్రూడ్రైవరు పట్టుకోవడం దగ్గర్నుంచి నేర్పింది ఆయనే. ఒక స్క్రూ విప్పితే దాని స్థానం కాగితం మీద గీసి, ఆ గీత పక్కనే స్క్రూ పెట్టించేవారు. 'చేతికి గుర్తుంటుందని నమ్మకు, కాగితాన్ని నమ్ము' అనేవారు.

మొదట వచ్చిన మిషన్ ఇంగ్లీషు అక్షరాలు తప్ప చూపించేది కాదు. అక్షరాల ఆకారాలు తెర కార్డు మీద ఉండే ఒక చిప్పులో ఉంటాయి. ఆ చిప్పు తీసేసి, తెలుగు అక్షరాలు నింపిన చిప్పు పెడితే తెర మీద తెలుగు రావాలి కదా అని మాస్టారికి ఆలోచన వచ్చింది. గళ్ళ కాగితాల మీద ఒక్కో అక్షరాన్నీ చుక్కలుగా గీశారు. ఆ చుక్కల్ని అంకెలుగా మార్చి, సెలవుల్లో హైదరాబాదు వెళ్ళి, తెలిసినవాళ్ళ దగ్గర ఆ చిప్పులోకి ఎక్కించుకుని వచ్చారు. ఇలా మూడుసార్లు తిరిగారు. నాలుగోసారి తెచ్చిన చిప్పు పెట్టి మిషన్ ఆన్ చేసినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆయన 'కొబ్బరి' అని కొట్టారు. బ కింద బ ఒత్తు సరిగ్గా కూర్చుందో లేదో చూడాలని ఆ మాట ఎంచుకున్నారు. కూర్చుంది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి చాలాసేపు ఆ మాటనే చూస్తూ ఉండిపోయారు. తరవాత కొన్నేళ్ళకు తెలుగు రాయడానికి ఎన్నో దారులొచ్చాయి, ఆయన చిప్పు అవసరం ఎవరికీ లేకపోయింది. కాని ఆ మిషన్‌లో ఆ చిప్పు అలాగే ఉంది. గళ్ళ కాగితాలు చెదలు తినేశాయి గనక, ఆ పనికి మిగిలిన ఆనవాలు అదొక్కటే.

ఉత్తర్వు తీసుకుని నేను రాజోలు వెళ్ళాను. రిటైరయ్యాక మాస్టారు అక్కడే స్థిరపడ్డారు. షుగరు వల్ల అప్పటికే చూపు మందగిస్తోంది. పేపరు కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చదువుతున్నారు. సంగతంతా విని, 'సరే రాజబాబూ. గది తయారయ్యేక కబురు చెయ్యి. నేనొచ్చి ఆన్ చేస్తాను' అన్నారు. నేను 'తప్పకుండానండి' అన్నాను. మాట ఇవ్వడం అంటే అంతే జరిగింది, ఇంకేమీ అనుకోలేదు.

సామాను పెట్టడానికి చోటు దొరకడం కష్టమయింది. చివరికి కళాశాల కమిటీలో సభ్యులైన ఒక కొబ్బరి వ్యాపారి, మలికిపురం దగ్గర తన పాత గోడౌనులో అటక సగం వాడుకోమన్నారు. పెంకుల కప్పు, ఇటుక గోడలు, ఎత్తయిన అరుగు. ఫ్యాను లేదు, కింద ఒక్క దీపానికి మాత్రమే కరెంటు ఉంది. అటక మాత్రం గట్టిది. కురిడీలు కట్టే అటక అది. కురిడీ అంటే, ముదురు కొబ్బరికాయని పీచుతోనే అటక మీద దాదాపు ఏడాది ఉంచితే, లోపలి నీరు ఇంకిపోయి, చిప్ప నుంచి విడివడి గుండులా తయారయ్యే ఎండుకొబ్బరి. గాలి ఆడటానికి ఆ అటక నేలని సందులు వదిలి బద్దలతో వేస్తారు. గోడలకు రెండు వైపులా చెక్క రెక్కల కిటికీలు ఉంటాయి.

అటక మీద రెండో సగంలో, చెక్క అడ్డుకు అవతల, ఇంకా కురిడీలు ఉన్నాయి. వాటిని చూసుకునే మనిషి సత్తెమ్మ గారు. యాభై దాటిన మనిషి. చిన్నప్పుడు కాయలు ఒలిచే పనికి ఆ గోడౌనులోకి వచ్చి, అటక మీద కాయ బాగోగులన్నీ తానే చూసే స్థితికి ఎదిగారు. పొద్దున ఏ కిటికీ తియ్యాలో, సాయంత్రం ఏది మూయాలో ఆమె చెప్పినట్టే జరిగేది.

ఇక నా ఏర్పాట్ల గురించి చెప్పాలి. నేను ఏమీ చదవకుండా పనిలోకి దిగలేదు. ఇంటర్నెట్‌లో వెదికి, వేడి ఏర్పాటు లేని కట్టడాల్లో పాత కంప్యూటర్లను ఎలా నిల్వచెయ్యాలో రాసిన ఒక పత్రం సంపాదించి, పది పేజీలూ ప్రింటు తీసుకున్నాను. మంచు కురిసే దేశంలో ఎవరో అనుభవజ్ఞుడు రాసినది. నేల మీద పెట్టవద్దు, చెక్క మీద పెట్టు. ప్రింటరు రిబ్బన్లు తీసెయ్యి. బోర్డు మీద ఉండే చిన్న బ్యాటరీలు తప్పకుండా తీసెయ్యి, అవి కారతాయి. ఒక్కో మిషన్‌నీ మందపాటి పాలిథీన్‌లో చుట్టి, తేమ పీల్చే సిలికా పొట్లాలు లోపల వేసి, గాలి చొరకుండా టేపు వెయ్యి. వేడి, చలి మారినప్పుడు బయటి తేమ లోహం మీద మంచులా పట్టకుండా ఈ కవరు కాపాడుతుంది. ఆ పత్రంలో తప్పేమీ లేదు. కవరు వేసే ముందు మిషన్‌ని రెండు మూడు రోజులు పొడిగదిలో ఆరనివ్వాలని కూడా అందులో ఉంది. ఆ వాక్యం కింద నేనే పెన్నుతో గీత గీశాను. మా ఏసీ ల్యాబ్‌లో రెండు రోజులు ఉంచుదామనుకున్నాను. ల్యాబ్‌లో పరీక్షలు పడ్డాయి. లారీ ముందు చెప్పినదానికంటే ఒకరోజు ముందే వచ్చింది. ఎక్కించేశాను.

ఆ రోజు ముసురు. గోదావరి వైనతేయ పాయ మీది వంతెన దాటేసరికి లారీ మీద పట్టా కారుతోంది. మిషన్లు తడవలేదు. కాని గాలిలో ఉన్న తడి చేత్తో పిండేటట్టుంది. అటక మీద నేనూ, లారీ మనుషులూ కలిసి ఒక్కోదాన్నీ పాలిథీన్‌లో చుట్టడం మొదలుపెట్టాం. సత్తెమ్మ గారు కాసేపు దూరంగా నిలబడి చూశారు. తరవాత దగ్గరికొచ్చి అడిగారు.

"ఇవి ఆరినవేనాండి?"

"ఆరడానికి ఇవేమైనా కొబ్బరికాయలా?" అన్నాను. పక్కనున్నవాళ్ళు నవ్వారు.

ఆమె నవ్వలేదు, నొచ్చుకున్నట్టూ కనబడలేదు. "కాయైనా, మిషనైనా గాలి ఆడాలి కదండి. ఈ రోజుల్లో మూట బిగిస్తే లోపల చెమట పట్టేస్తదండి. మాఘమాసం దాకా ఇలా బద్దల మీద ఒదిలెయ్యండి. అప్పుడు కట్టుకుందురు గాని."

నేను ఆమెకు ఆ పది పేజీలు చూపించాను. శాస్త్రప్రకారం చేస్తున్నామనీ, ఇది వేరే సంగతనీ చెప్పాను. దుమ్ము రాకుండా నా వైపు కిటికీలు మూసి ఉంచమని కూడా చెప్పాను.

"ఆయ్, అలాగేనండి" అన్నారామె. మా ప్రాంతంలో ఆ మాటకు సరేనని ఒక్కటే అర్థం కాదు. ఇంక చెప్పి ప్రయోజనం లేదని కూడా అర్థం. అది నాకు తెలుసు.

బ్యాటరీల సంగతి ఇంకా చెప్పాలి. ఆరు మిషన్ల బ్యాటరీలు నేను కత్తిరించి తీసేశాను. మాస్టారి మిషన్‌ది తియ్యలేదు. బ్యాటరీ తీస్తే ఆ మిషన్ తన అమరికలు మరిచిపోతుంది. లోపల ఏ రకం డిస్కు ఉందో కూడా దానికి గుర్తుండదు. మాస్టారు వచ్చి ఆన్ చేసిన రోజున తెర మీద తప్పుల జాబితా కాకుండా, ఆయన వదిలిన స్థితే కనబడాలనుకున్నాను. ఆ మిషన్ మీద నా చెయ్యి పడకూడదనుకున్నాను. గౌరవమనుకుని చేసిన పని అది.

మూడు నెలలకోసారి తనిఖీ చెయ్యాలని నేనే రాసుకున్నాను. అక్టోబరులో ఒకసారి వెళ్ళాను. జనవరిలో వెళ్ళాను. కవర్ల లోపల తెల్లగా పొగమంచు పట్టినట్టుంది. పాలిథీన్ పాతబడి మసకబారిందనుకున్నాను. విప్పితే మళ్ళీ చుట్టడం పెద్ద పని. విప్పలేదు. తనిఖీ పుస్తకంలో 'యథాస్థితి' అని రాసి సంతకం పెట్టాను. ఆ తరవాత కళాశాలకు గ్రేడింగు బృందం వస్తోందని రెండేళ్ళు మాకు ఊపిరి సలపలేదు. ఇలా ఎన్ని కారణాలైనా చెప్పవచ్చు. వెళ్ళలేదన్నదే నిజం.

2017 డిసెంబరుకు కొత్త బ్లాకు పూర్తయింది. జనవరిలో గది తెరుద్దామనీ, మాస్టారి చేత ఆయన మిషన్ ఆన్ చేయిద్దామనీ ప్రిన్సిపాల్ గారు అన్నారు. ఆ మూడేళ్ళలో మాస్టారి చూపు పూర్తిగా పోయింది. ఫోన్ చేస్తే ఆ సంగతి ఆయనే చెప్పారు. 'చూడలేకపోయినా పరవాలేదు. నేను కొడతాను, అక్షరం వచ్చిందో లేదో నువ్వు చూసి చెబుదువు గాని' అన్నారు.

మర్నాడే నేను మలికిపురం వెళ్ళాను. అటక మీద నా వైపు తాళం తీశాను. సత్తెమ్మ గారు కూడా వెనకే ఎక్కి వచ్చారు. మొదటి కవరు టేపు కోయగానే లోపలి నుంచి పుల్లటి కంపు కొట్టింది. పాలిథీన్ లోపలి వైపు నీటిబొట్లు. సిలికా పొట్లాలు నానిపోయి మెత్తగా ఉన్నాయి. ఇనుప పెట్టెల అంచుల వెంట తుప్పు. కీబోర్డుల మీద బూజు. వానాకాలపు గాలిని నేనే లోపల పెట్టి సీలు వేశాను. చలికాలం వచ్చినప్పుడల్లా ఆ తడి నీరై ఇనుము మీద కూర్చుంది. ఎండాకాలం మళ్ళీ ఆవిరైంది. బయటికి పోయే దారి లేక మూడేళ్ళు అందులోనే తిరిగింది.

మాస్టారి మిషన్ చివర విప్పాను. మూత తీసి చూస్తే బ్యాటరీ పగిలి, దాని ద్రవం బోర్డంతా పాకింది. రాగి గీతలు పచ్చగా, నీలంగా పొడైపోయాయి. మిగతావాటికి తుప్పు పట్టింది గాని, దీన్ని మాత్రం లోపల్నుంచే ఏదో తిన్నట్టుంది. నేను అటక మీద కూర్చుండిపోయాను.

సత్తెమ్మ గారు  వెళ్ళి మూడేళ్ళుగా మూసి ఉన్న కిటికీ రెక్కలు బలంగా తోసి తెరిచారు. "లోపల చెమట పట్టేసిందండి" అన్నారు అంతే. చెక్క అడ్డుకు అవతల ఆమె కురిడీలు ఎప్పటిలా ఎండి ఉన్నాయి. అదే కప్పు, అదే వాన, అవే మూడేళ్ళు.

మాస్టారికి ఎలా చెప్పాలో తెలియలేదు. ఫోన్‌లో చెప్పలేకపోయాను. వారం తరవాత ఆయనే చేసి, 'గదిలో పెట్టేలోపల ఒకసారి నేను మిషన్ చూడాలి రాజబాబూ. ఎక్కడుందో అక్కడికే తీసుకెళ్ళు' అన్నారు. చూడటమంటే ఆయనకిక చేత్తో తడిమి చూడటమే. రాజోలు వెళ్ళి ఆటో మాట్లాడి ఆయన్ని ఎక్కించుకున్నాను. దారిలో చెబుదామనుకున్నాను. ఆయన శుభ్రంగా ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, జేబులో పెన్ను పెట్టుకుని వచ్చారు. ఆ చిప్పులో 'క్ష' అక్షరం ఇమడక ఎంత ఇబ్బంది పడ్డారో చెబుతూ కూర్చున్నారు. నేను చెప్పలేదు.

ఆయన అటక ఎక్కలేరని మిషన్‌ని ముందే కింద అరుగు మీదికి దింపించి ఒక బల్ల మీద ఉంచాను. ఆటో దిగాక సత్తెమ్మ గారు ఆయన చెయ్యి పట్టుకుని మెట్లెక్కించారు. "మెల్లిగా రండి మాస్టారండీ. లోపల చెమట పట్టేసిందండి, అరుగు మీదికి దింపేం" అన్నారు. ఆమె ఆ మాట అనుకోకుండానే అనేశారు. మాస్టారు ఒక్క క్షణం ఆగారు.  బల్ల ముందు కూర్చుని, పెట్టె మీద అరచెయ్యి వేశారు. అంచు వెంట వేళ్ళు నడిపారు. తుప్పు చేతికి రాలింది.

"మూత తియ్యి" అన్నారు.

తీశాను. ఆయన వేళ్ళు ఆ మిషన్‌లో ప్రతి భాగం ఎక్కడుందో వెదుక్కోలేదు, నేరుగా వెళ్ళాయి. బ్యాటరీ ఉండే మూల దగ్గర ఆగాయి. అక్కడి పొడిని వేలికి అద్దుకుని వాసన చూశారు.

"బ్యాటరీ తియ్యలేదా?"

"తియ్యలేదండి."

"ఎందుకూ?"

"సెట్టింగులు పోతాయని... మీరు ఆన్ చేసినప్పుడు మీరు పెట్టినట్టే ఉండాలనండి."

ఆయన గొంతులో కోపం లేదు. ల్యాబ్‌లో కొత్త కుర్రాళ్ళకు తప్పు ఎక్కడ జరిగిందో చూపించేటప్పుడు ఎలా మాట్లాడేవారో అలాగే మాట్లాడారు. "సెట్టింగులు కాగితం మీద రాసుకోవచ్చు కదా రాజబాబూ. నీకు నేను మొట్టమొదట చెప్పిందే అది."

 ముప్పై ఏళ్ళ నాడు ఆయన నేర్పిన మొదటి పాఠాన్ని, ఆయన మీద గౌరవంతోనే నేను తప్పాను.

తరవాత ఆయన తెర కార్డు మీద చెయ్యి పెట్టి చిప్పు కోసం చూశారు. మెల్లగా పట్టుకోగానే అది చేతిలోకి వచ్చేసింది. దాని లోహపు కాళ్ళన్నీ సాకెట్‌లోనే విరిగి ఉండిపోయాయి. వీపు మాత్రం ఆయన వేళ్ళ మధ్య మిగిలింది. దాన్ని కాసేపు అటూ ఇటూ తిప్పారు. కాళ్ళు ఉండాల్సిన చోట బొటనవేలితో రెండువైపులా తడిమారు. ఎండ అరుగు మీదికి వచ్చింది. సత్తెమ్మ గారు మంచినీళ్ళ గ్లాసు తెచ్చి ఆయన చేతికి అందించారు. ఆయన చిప్పుని చొక్కా జేబులో వేసుకుని, నీళ్ళు తాగారు. వెళదామన్నారు.

ఆ చిప్పులోంచి అక్షరాలు తిరిగి తియ్యడానికి తరవాత దారి ఏదైనా ఉండేదేమో. కాళ్ళు విరిగిన చోట సన్నటి తీగలు అతికి చదివినవాళ్ళు ఉన్నారని విన్నాను. దాన్ని ఇమ్మని ఆయన్ని అడిగే మొహం నాకు లేకపోయింది.

ఆయన్ని ఆటో ఎక్కించుకుని బయల్దేరాను. రాజోలు దగ్గరపడుతుండగా, "మిగిలినవి ఏం చేస్తావు?" అన్నారు.

"కండెమ్ చేసేద్దామంటున్నారండి."

"నువ్వేమంటున్నావు?"

"నాకేం తోచట్లేదండి."

"ఆవిణ్ణి అడిగేవా?"

ఎవరిని అన్నది నాకు అర్థం కాలేదు.

"నా చెయ్యి పట్టుకున్నావిణ్ణి. లోపల చెమట పట్టిందని చెప్పింది గదా. ఆవిడకి తెలుసు. తెలిసినవాళ్ళని అడుగు" అన్నారు. ఆమె నాకు మొదటిరోజే చెప్పిందనీ, నేను నలుగురిలో నవ్వులపాలు చేశాననీ ఆయనకు అప్పుడు చెప్పాను. ఆయన తల ఊపారు. ఇంటి ముందు దిగేటప్పుడు నా భుజం తట్టలేదు, కోప్పడలేదు. కర్రతో గుమ్మం వెదుక్కుని లోపలికి వెళ్ళిపోయారు.

కండెమ్నేషన్ కమిటీని ఆరు నెలలు ఆపమని ప్రిన్సిపాల్ గారికి అర్జీ రాసుకున్నాను. జరిగినదంతా అందులో రాశాను. ఆయన చదివి సంతకం పెట్టారు. తరవాత వచ్చిన ఆదివారం మలికిపురం వెళ్ళి, సత్తెమ్మ గారితో, ఆ రోజు నేనన్నమాట తప్పనీ, ఇప్పుడేం చెయ్యాలో చెప్పమనీ అడిగాను. "మాటకేముంది లెండి" అన్నారామె. వెంటనే పనిలోకి దిగారు.

ఆమె చెప్పిన పద్ధతి నేను రాసుకున్నాను. డిసెంబరులో ఏదీ ముట్టుకోవద్దన్నారు. పొద్దుటి మంచు పోయేదాకా కిటికీలు తియ్యవద్దు. మాఘం వచ్చి గాలి తిరిగాక మూతలు తీసి, బద్దల మీద ఒకదానికొకటి తగలకుండా పరవాలి. నేరుగా ఎండ తగలకూడదు. మధ్యాహ్నం సముద్రం గాలి మొదలైతే ఆ వైపు కిటికీ మూసెయ్యాలి, ఆ గాలికి ఉప్పు ఉంటుంది. కురిడీలకు కింద పీచు పొగ పెడతారు గాని వీటికి పెట్టకూడదన్నది కూడా ఆమే. పొగలో జిడ్డు ఉంటుంది, అది పడితే దుమ్ము వదలదు. ఇక గాలిలో తడి ఎంతుందో తెలుసుకోవడానికి ఆమె ఒక పళ్ళెంలో కల్లుప్పు పోసి అటక మీద పెట్టారు. ఉప్పు చెమ్మగిల్లితే ఆ రోజు కిటికీలు మూసి ఉంచాలి, పొడిగా ఉంటే తెరవాలి. నేను తరవాత గాలిలో తేమ కొలిచే మీటరు తెచ్చి ఆ పళ్ళెం పక్కనే పెట్టాను. ఉప్పు చెమ్మగిల్లడం మొదలయ్యేసరికి మీటరు ముల్లు నూటికి డెబ్బైఅయిదు దగ్గర నిలబడేది. ఏ రోజూ తేడా రాలేదు.

చైత్రం నాటికి మిషన్లు ఆరాయి. బ్రష్షులతో బూజు తీశాం. బోర్డుల్ని నేను స్పిరిటుతో తుడిచాను. నాలుగు కంప్యూటర్లు, ఒక ప్రింటరు దక్కాయి. వాటిలో రెండు కంప్యూటర్లకు తిరిగి ప్రాణం వచ్చింది. మిగిలినవాటిని కమిటీ జాబితాలోంచి కొట్టేసింది. మాస్టారి మిషన్‌ని మాత్రం కొట్టెయ్యవద్దని అడిగి ఆపించాను.

రెండు మిషన్లు ఆన్ అయిన సంగతి చెప్పడానికి రాజోలు వెళ్ళాను. 'మంచిది' అన్నారు. తన మిషన్ ప్రస్తావన ఆయనా తేలేదు, నేనూ తేలేదు. ఆ ఏడు వానాకాలంలో మాస్టారు పోయారు. సమాధుల దొడ్డి దగ్గర వాన పడుతుంటే పాస్టరు గారు వాక్యం చదివారు. కళాశాల నుంచి వచ్చినవాళ్ళం పదిమందిమి గొడుగుల కింద నిలబడ్డాం. మాట్లాడమని నన్ను అడిగితే ప్రిన్సిపాల్ గారిని అడగమన్నాను. 

దసరా సెలవుల తరవాత గది తెరిచారు. మాస్టారి మిషన్ పెట్టాల్సిన చోట ఆయన ఫొటో పెడదామని కొందరన్నారు. పాడైన మిషన్ చూపిస్తే కళాశాలకు బాగుండదన్నారు. నేను ఒప్పుకోలేదు. సర్వీసులో నేను పైవారి మాటకు ఎదురు చెప్పింది ఆ ఒక్కసారే. మూత తీసి, పచ్చబడిన బోర్డు కనబడేలా, చిప్పు లేని సాకెట్ కనబడేలా అద్దం కింద ఆ మిషన్‌నే పెట్టించాను. ముందు చీటీ నేనే రాశాను. దీని మీద తెలుగు అక్షరాలు మొదట చూపించినవారు కరుణాకరం మాస్టారనీ, వానాకాలంలో ఆరబెట్టకుండా మూట కట్టడం వల్లా, బ్యాటరీ తియ్యకపోవడం వల్లా ఇది చెడిందనీ, అలా నిల్వ చేసినది నేననీ రాసి, కింద నా పేరు, హోదా వేశాను. నిల్వ పద్ధతి చెప్పినవారిగా సత్తెమ్మ గారి పేరు వేరే చీటీ మీద, దక్కిన మిషన్ల ముందు ఉంది. ఆమె ఒకసారి వచ్చి చూశారు. తనకు చదువు రాదని, ఆ చీటీ నా చేత చదివించుకున్నారు.

2021లో నేను రిటైరయ్యాను. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళు పాత పరికరాల నిల్వ గురించి ఇప్పటికీ అప్పుడప్పుడు నన్ను అడుగుతుంటారు. నేను చెప్పేది కొద్దిగానే ఉంటుంది. పత్రం చదవండి, కాని అది ఏ గాలి పీల్చినవాడు రాశాడో చూడండి. మీరు వస్తువు పెట్టబోయే కప్పు కింద ఎవరైనా ఏళ్ళ తరబడి పనిచేసి ఉంటే, కవరు కట్టే ముందు ఆ మనిషిని అడగండి. ఏ వస్తువు మీద మీకు ఎక్కువ గౌరవం ఉందో దాన్ని మిగతావాటికంటే ముందు విప్పి, మిగతావాటిలాగే చూడండి. ఏదైనా చెడితే, అది ఎలా చెడిందో రాసి, కింద మీ పేరు పెట్టండి. రాసిపెట్టని తప్పును తరవాత వచ్చేవాడు మళ్ళీ చేస్తాడు.